చలికాలంలో మనసు ముడుచుకోకుండా

(2003-04 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని వార్డెన్ సారు కబురు చేసినప్పుడు మేము ఐదుగురం ఒకచోట కూర్చుని చాలాసేపు ఆలోచించాం. పరీక్షలకు ఎలా చదవాలి, మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జ్ ఇవన్నీ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. ఎవరూ రాయని విషయం ఒకటి మిగిలిపోయింది. దీపావళి దాటిన దగ్గర నుంచి శివరాత్రి వచ్చేదాకా హాస్టల్లో కొందరు పిల్లల మొహాలు ఎందుకు వాడిపోతాయి? ఆగస్టులో గంతులేసిన పిల్లవాడు డిసెంబరులో చెద్దరు ముసుగు తీయకుండా ఎందుకు పడుకుంటాడు? దీని గురించే రాయాలని నిర్ణయించుకున్నాం.

మేము డాక్టర్లం కాదు. మాలో ఇద్దరు టీచర్లు, ఒకరు ల్యాబ్ టెక్నీషియన్, ఒకరు ఆర్టీసీ కండక్టరు, ఒకరు వ్యవసాయం చేసుకుంటున్నారు. పుస్తకాలు చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి, మా సొంత అనుభవంతో పోల్చి చూసుకుని రాస్తున్నాం. ముందు మా అనుభవమే చెబుతాం. అది మాకు గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

2003 డిసెంబరు. మూడో నంబరు గదిలో పద్దెనిమిది మందిమి ఉండేవాళ్లం. ఉత్తరం వైపు కిటికీకి ఒక రెక్కే ఉండేది, రెండో దానికి అట్టపెట్టె చించి సుతిలితో కట్టాం. గాలి వీచినప్పుడల్లా రాత్రంతా అది టపటపా కొట్టుకునేది. ఆ కిటికీ కింద పడుకునే వాడు మాలో లెక్కల్లో అందరికంటే ముందుండేవాడు. సుద్దముక్కతో గచ్చు మీదే లెక్కలు చేసి మాకు చెప్పేవాడు. వాడి పేరు రాయడం లేదు. రాయొద్దని వాడే అన్నాడు.

డిసెంబరు మొదటి వారం నుంచి వాడు గంట కొట్టినా లేవడం మానేశాడు. టిఫిన్ లైనులో కనపడేవాడు కాదు. సాయంత్రం కబడ్డీకి పిలిస్తే కాలు నొప్పి అనేవాడు. ఏమైందిరా అంటే ఏం లేదురా అనేవాడు. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చునేవాడు. మేము వాడికి కుంభకర్ణుడని పేరు పెట్టాం. ఒకరోజు తెల్లవారుజామున మాలో ఒకడు చెంబుడు చన్నీళ్లు తెచ్చి వాడి మొహం మీద పోశాడు. అందరం పగలబడి నవ్వాం. వాడు ఒక్క మాట అనలేదు. లేచి, తడిసిన చెద్దరు పిండి, తీగ మీద ఆరేసి వచ్చి మా పక్కనే కూర్చున్నాడు.

సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఇంట్లో వాళ్లు అప్పటికే పత్తి ఏరడానికి వేరే ఊరికి వెళ్లి ఉన్నారు, వాడూ వాళ్లతో పోయాడు. మార్చి పరీక్షలకు వచ్చిన వాడి హాల్ టికెట్ ఆఫీసు బీరువాలోనే ఉండిపోయింది.

వాడిది బద్ధకం అనుకున్నాం. సార్లు కూడా అలాగే అనుకున్నారు. ఏమిటో తెలుసుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

పొద్దు ఎంత తగ్గుతుంది?

భూమి తన అక్షం మీద ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉంటుందని సాంఘికశాస్త్రంలో చదువుకున్నాం. ఆ వాలు వల్ల డిసెంబరు 21, 22 తేదీల్లో మన వైపు పగలు బాగా చిన్నదవుతుంది. పుష్యమాసంలో పూసలు గుచ్చుకునేంత పొద్దు కూడా ఉండదని మన పెద్దవాళ్లు అనేది ఇందుకే. లెక్క వేసి చూస్తే ఆదిలాబాద్ దగ్గర జూన్‌లో పగలు సుమారు 13 గంటల 20 నిమిషాలు, డిసెంబరులో 11 గంటలకు కొద్దిగా తక్కువ. అంటే రెండు గంటల పైచిలుకు వెలుతురు పోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. అన్నిటికంటే చిన్న పగలు డిసెంబరు చివర్లోనే అయినా, మన ప్రాంతంలో అన్నిటికంటే ముందుగా పొద్దుగూకేది నవంబరు చివరి వారంలో. అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారం ప్రాంతంలో. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా లేకపోవడం, అక్షం వాలి ఉండడం కలిసి ఈ తేడా తెస్తాయి. సంక్రాంతి వెళ్లాక కూడా ఉదయం స్టడీ అవర్ చీకట్లోనే గడవడానికి కారణం ఇదే. ప్రీఫైనల్ పరీక్షలు దగ్గర పడే రోజులు, ఊరి నుంచి తిరిగొచ్చిన బెంగ, పైన ఆలస్యంగా తెల్లవారే చీకటి. మూడూ ఒకేసారి మీద పడతాయి.

ఉత్తర దేశాల వాళ్లతో పోలిస్తే మనది కష్టమే కాదు. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు దిగంతం పైకి రానే రాడు. ఎండకు లోటులేని దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లిన నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడు, చలికాలం రాగానే తనకే ఉత్సాహం తగ్గిపోవడం గమనించాడు. తన సహచరులతో కలిసి ఇలాంటి రోగులను పరిశీలించి 1984లో ఈ ఋతు దిగులును ఒక జబ్బుగా వర్ణించాడు. అతి నిద్ర, తీపి మీద, అన్నం మీద యావ, దేని మీదా ఆసక్తి లేకపోవడం, వేసవి రాగానే తగ్గిపోవడం దీని గుర్తులు.

వెలుతురుకూ మనసుకూ సంబంధం ఎక్కడుంది? కంటి వెనుక రెటీనాలో చూపుతో పెద్దగా పనిలేని కొన్ని కణాలున్నాయి. బయట పగలా రాత్రా అని మెదడుకు కబురు చెప్పడమే వాటి పని. కబురు అధోపర్యంకంలోని చిన్న కేంద్రానికి చేరుతుంది. అదే మన శరీర గడియారం. చీకటి పడ్డాక ఆ గడియారం పీనియల్ గ్రంథి చేత మెలటోనిన్ అనే హార్మోను విడుదల చేయిస్తుంది, అప్పుడు శరీరం నిద్రకు సిద్ధమవుతుంది. ఉదయపు వెలుతురు కంట పడితే గడియారం సరిచేసుకుంటుంది. వెలుతురు పడకపోతే గడియారం వెనకబడుతుంది, మనిషి లేచి తిరుగుతున్నా లోపల ఇంకా రాత్రే నడుస్తుంటుంది. ఈ శరీర గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. పోటీ పరీక్షలకు చదివే వాళ్లు పేర్లు రాసుకోండి: జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్.

మన దిగులు వెలుతురు ఒక్కదాని వల్లేనా?

కాదని మా అభిప్రాయం. రెండు గంటల పగలు తగ్గినంత మాత్రాన నార్వే వాళ్ల జబ్బు మనకు వచ్చిందనుకోకూడదు. హాస్టల్ పిల్లల చలికాలపు దిగులుకు నిద్ర లేకపోవడం పెద్ద కారణం. ఆ నిద్ర ఎక్కడ పోతున్నదో వెతకాలి.

మొదటిది చలి. మనం పైన కప్పుకునే దాని గురించే ఆలోచిస్తాం, కింద నుంచి వచ్చే చలిని మరిచిపోతాం. సిమెంటు గచ్చు ఉష్ణవహనం ద్వారా రాత్రంతా ఒంటి వేడిని లాగేస్తుంది. చాప కింద గోనెసంచులు, వాటి మీద నాలుగు పొరల పాత న్యూస్ పేపర్లు వేసి చూడండి, తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. ఒక మందపాటి చెద్దరు కంటే రెండు పలుచని చెద్దర్లు వెచ్చగా ఉంటాయి, మధ్యలో చిక్కిన గాలి వేడిని పోనివ్వదు. కాళ్లకు మేజోళ్లు వేసుకుంటే నిద్ర త్వరగా పడుతుంది. గొంగడి ఉన్నవాడు అదృష్టవంతుడు. కానీ తలుపులు బిగించి గదిలో నిప్పుల కుంపటి మాత్రం పెట్టుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రెండోది గజ్జి. సిగ్గుపడి ఎవరూ రాయరు, మేము రాస్తున్నాం. గజ్జి అంటే చర్మం కింద సొరంగాలు చేసుకుని గుడ్లు పెట్టే సన్నటి పురుగు. చలికాలంలో ఒకరి పక్కన ఒకరు ముడుచుకుని పడుకుంటాం, ఒకే చెద్దరు ఇద్దరు కప్పుకుంటాం, చన్నీళ్లకు భయపడి స్నానాలు ఎగ్గొడతాం, బట్టలు ఆరవు. అందుకే అది ఈ నెలల్లోనే గదంతా పాకుతుంది. దురద రాత్రిపూటే ఎక్కువ. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుము చుట్టూ, తొడల మధ్య గోకి గోకి తెల్లవారుతుంది. అలా నెల రోజులు నిద్రలేని పిల్లవాడు ఎలా ఉంటాడు? మాట్లాడడు, తినడు, చదివింది ఎక్కదు.

దీనికి మందు ఉంది, ఒక్కరు వాడితే మాత్రం పనిచేయదు. గదిలో దురద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా పర్మెత్రిన్ క్రీము ఇస్తున్నారు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల సందులతో సహా రాసుకుని, రాత్రంతా ఉంచుకుని ఉదయం స్నానం చేయాలి. వారం తరువాత మళ్లీ ఒకసారి. ఆ రోజే బట్టలు, చెద్దర్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి మూడు నాలుగు రోజులు పక్కన పెడితే పురుగు చస్తుంది. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, కంగారు పడి రోజూ పూయకూడదు. ముందు ఏఎన్ఎం అక్కకో, ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికో చూపించండి.

మా గదికి ఈ మందు 2004 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పట్లో తెల్లటి నీళ్లమందు ఇచ్చేవారు, పూసుకుంటే భగ్గుమనేది. పదిహేడు మందిమి వరసగా నిలబడి పూసుకున్నాం. వారం తరువాత హాయిగా నిద్రపోయాం. పద్దెనిమిదో వాడు అప్పటికి పత్తిచేలో ఉన్నాడు.

మూడోది ఇంటి మీద బెంగ. చలికాలం పనుల కాలం. పత్తి, మిరప, చెరకు, ఇటుక బట్టీలు. మనలో చాలామంది ఇళ్లకు తాళాలు పడేది ఈ నెలల్లోనే. ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఉండరు. అమ్మ ఏ ఊళ్లో ఉందో తెలియని పిల్లవాడికి ఆదివారం చాలా పెద్దదిగా ఉంటుంది. దీనికి మందు లేదు. పక్కవాడికి తెలిస్తే కొంత తేలికవుతుంది, అంతే. మీ గదిలో ఎవరి ఇంటికి తాళం పడిందో మీకు తెలుసా? తెలుసుకోండి.

ఏం చేయాలి?

ఉదయం తెల్లవారగానే బయటికి రండి. ట్యూబులైటు వెలుతురు గదిలో కొన్ని వందల లక్సులకు మించదు. బయట పొద్దెక్కితే నీడలో కూడా వేల లక్సులు ఉంటుంది, నిండు ఎండలో లక్ష దాకా పోతుంది. చలిదేశాల వాళ్లు పదివేల లక్సుల దీపం కొనుక్కుని రోజూ ఉదయం అరగంట దాని ముందు కూర్చుంటారు. మనకు ఆ దీపం ప్రహరీగోడ పైనే ఉచితంగా వెలుగుతుంది. కాబట్టి స్టడీ అవర్ చివరి అరగంట తూర్పు వైపు అరుగు మీద చదవండి. సూర్యుణ్ణి నేరుగా చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా. పుస్తకం చూస్తూ కూర్చుంటే చాలు.

లేత ఎండలో డి విటమిన్ వస్తుందని అందరూ అంటారు. అది సరికాదు. చర్మంలో డి విటమిన్ తయారు కావాలంటే సూర్యుడు బాగా పైకి రావాలి. తిరుపతిలో వైద్యులు చేసిన పరిశీలనలో కూడా పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఎండే పనికొస్తుందని తేలింది. కాబట్టి గడియారానికి పొద్దుటి ఎండ, ఎముకలకు మధ్యాహ్నపు ఎండ. మధ్యాహ్నం అన్నం పళ్లెం పట్టుకుని చెట్టు కిందికి పోకుండా కాసేపు ఎండలో తింటే రెండోది కూడా అయిపోతుంది.

స్నానం ఎగ్గొట్టొద్దు, తెల్లవారుజామునే చేయాలనే నియమమూ వద్దు. బిందెలు, డ్రమ్ములు ఉదయమే నింపి ఎండలో పెడితే సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. పల్లీలు, బెల్లం, నువ్వుల ఉండలు ఇంటి నుంచి తెచ్చుకున్న వాళ్లు ట్రంకు పెట్టెలో దాచకుండా పంచండి. టిఫిన్ మానొద్దు.

ఇక నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఆ వయసులో మెలటోనిన్ సహజంగానే కొంత ఆలస్యంగా వస్తుంది, అందుకే రాత్రి త్వరగా నిద్ర పట్టదు, పొద్దున మెలకువ రాదు. పదకొండుకు పడుకోబెట్టి నాలుగున్నరకు గంట కొడితే ఎంతసేపు పడుకున్నట్టు? లెక్క మీరే వేసుకోండి. వార్డెన్ సారు ఏమనుకున్నా సరే, డిసెంబరు, జనవరి నెలల్లో గంట అరగంట ఆలస్యంగా కొట్టాలని మా మనవి.

మనసు బాగోనప్పుడు ఎవరికీ ఆడాలనిపించదు. బాగయ్యాక ఆడదాంలే అనుకుంటే ఆ రోజు రాదు. అనిపించకపోయినా పది నిమిషాలు కబడ్డీ కోర్టులో నిలబడాలి, నాలుగు బొంగులు నీళ్లు మోయాలి, గంట కొట్టే పని ఒప్పుకోవాలి. ఒళ్లు కదిలితే కొంతసేపటికి మనసు వెనక వస్తుంది. దిగులుకు డాక్టర్లు చెప్పే చికిత్సల్లో ఇదీ ఒకటి.

డాక్టర్ అంబేడ్కర్ గారి లండన్ రోజులు మీరు చదివే ఉంటారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పూర్తి చేసే దాకా ఆయన తెరిచే వేళకు బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళ్లి మూసే దాకా చదివేవారు. సత్రంలాంటి బసలో పెట్టేది చాలక, రాత్రి ఆకలికి అప్పడాలు కాల్చుకు తినేవారు. ఎనిమిది గంటల పగలు ఉన్న ఊళ్లో, డబ్బు లేక, భార్యాబిడ్డలకు దూరంగా. ఆయనకు దిగులు కలగలేదని మేము అనుకోవడం లేదు. తిరిగొచ్చాక, 1925లో షోలాపూర్‌లో ఆయన సంస్థ మొదట చేసిన పనుల్లో ఒకటి దళిత విద్యార్థులకు హాస్టల్ తెరవడం. ఒంటరిగా చదవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆలోచన అది.

ఎప్పుడు చెప్పాలి?

చలికి ముడుచుకోవడం వేరు, జబ్బు వేరు. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగానే ఉండి, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయి, నిద్రా తిండీ తప్పితే అది పెద్దవాళ్లకు చెప్పాల్సిన సమయం. బతకడం ఎందుకు అనే మాట ఎవరి నోట వచ్చినా, నవ్వుతూ అన్నా సరే, రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే సారుకు చెప్పండి, వాడిని ఒంటరిగా వదలొద్దు. చెప్పడం చాడీ కాదు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ ఉచిత ఫోన్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలకు 1098 కూడా ఉంది. ఈ రెండు నంబర్లూ ఈ పేజీ నుంచి చూసి గది తలుపు వెనక సుద్దతో రాసుకోండి.

మా మూడో నంబరు గది స్నేహితుణ్ణి పోయిన సంవత్సరం వెతికి పట్టుకున్నాం. జిల్లా కేంద్రంలో ఆటో నడుపుతున్నాడు. కూతురు ఇంటర్ ఎంపీసీ. టీ తాగుతూ మేమే ఆ నీళ్ల సంగతి ఎత్తాం. వాడు నవ్వి, "కుంభకర్ణుడని పేరు పెట్టారు గదరా, నాకు అసలు నిద్రే లేదు" అన్నాడు. రాత్రి రెండింటికి దురదకు మెలకువ వచ్చేదట. కిటికీ అట్ట చప్పుడు వింటూ, అమ్మ ఏ ఊళ్లో ఉందోనని ఆలోచిస్తూ నాలుగు దాకా పడుకుని ఉండేవాడట. అప్పుడే కన్ను మూతపడేదట, అంతలో గంట కొట్టేవారట. నీళ్లు పోసిన వాడు మాలోనే ఉన్నాడు. ఈ వ్యాసంలో గజ్జి గురించిన పేరా వాడే రాశాడు.

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ తరఫున డెబ్బై రగ్గులు, ఉత్తరం వైపు కిటికీలకు కొత్త రెక్కలు ఇస్తున్నాం. రెక్కల కొలతలు తీసుకోవడానికి నవంబరులో మేము వచ్చినప్పుడు మూడో నంబరు గది తమ్ముళ్లు నిచ్చెన పట్టుకున్నారు, వాళ్లకు థ్యాంక్స్. రగ్గులు సభ రోజు సాయంత్రమే పంచుతాం. ఆ రోజు ఊరికి వెళ్లే వాళ్లు తమ రగ్గు తీసిపెట్టమని గది లీడరుకు ముందే చెప్పండి.